ఓల్డెన్‌బర్గ్ నాటి ఒప్పందం

కొన్నేళ్ళ క్రిందటి మాట. మా అమ్మమ్మగారి ఊరి శివాలయంలో ధ్వజస్తంభానికి ఎడమ పక్కన సగం భూమిలో కూరుకుపోయిన శాసనస్తంభం ఒకటి ఉంది. చిన్నప్పుడు దాని మీద ఎక్కి గంట అందుకునేవాళ్ళం. పెద్దయ్యాక దాని మీద ఏమున్నదో తెలుసుకోవాలన్న కోరిక పుట్టింది. ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే అధోజ్ఞాపికలో ఆ ఊరి పేరు కనిపించింది. 1930 ప్రాంతాల్లో ఒక పండితుడు ఆ శాసనపాఠాన్ని పరిష్కరించి ఆంగ్లంలో ఒక వ్యాసం ప్రకటించాడట. అంతర్జాలంలో వెతికితే ఆ వ్యాసం దొరికింది. దొరికిందంటే, మొదటి పుట దొరికింది. తక్కిన తొమ్మిది పుటలూ చదవదలిస్తే ముప్ఫై పైచిలుకు డాలర్లు చెల్లించవలెనని అక్కడ వ్రాసి ఉంది. చెల్లించినా ఒక్కరోజు మాత్రమే చూడనిస్తారట!

వ్యాసకర్త గతించి దశాబ్దాలయింది. ఆయనకు ఆ రోజుల్లో దమ్మిడీ ముట్టి ఉండదు. ఆ పత్రిక నడిపిన సంఘం కూడా ఇప్పుడు లేదు. మరి ఈ ముప్ఫై డాలర్లు ఎవరికి?

చివరకు అమెరికాలో పరిశోధన చేస్తున్న మిత్రునికి ఉత్తరం వ్రాశాను. అరగంటలో వ్యాసం మొత్తం పంపి, "మాకిది ఉచితమే" అన్నాడు. ఆ 'ఉచితం' వెనుక అతని విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఏటేటా కట్టే లక్షల డాలర్లున్నాయని అతనికీ తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు. ఈ ముడి ఎక్కడ పడిందో చూద్దామని మొదలుపెట్టిన చదువు నన్ను మూడున్నర శతాబ్దాల వెనక్కి, లండను నగరానికి తీసుకుపోయింది. చదివినదాంట్లో నాకు రుచించినది మిత్రులతో పంచుకుంటున్నాను.

పూర్వం మన పల్లెల్లో నాటువైద్యులు మూలిక పేరు బయటికి చెప్పేవారు కారు. చెబితే తమ విద్య పదిమంది పాలవుతుందని భయం. చెప్పకపోతే ఆ విద్య వారితోనే పోయేది. పదిహేడవ శతాబ్దపు ఐరోపా శాస్త్రజ్ఞులది సరిగ్గా ఇదే ఇరకాటం. కొత్త సంగతి కనుక్కున్నవాడు దానిని వెల్లడిస్తే ఇంకొకడు తనదే అంటాడు. దాచిపెడితే రేపు మరొకడు స్వతంత్రంగా కనుక్కుని కీర్తి కొట్టేస్తాడు. అందుకు వారొక చిత్రమైన ఉపాయం పన్నారు. 1610లో గెలీలియో తన దుర్భిణిలో శనిగ్రహం మూడు ముక్కలుగా కనబడటం గమనించాడు. ఆ సంగతిని ఒక లాటిను వాక్యంగా కూర్చి, అందులోని అక్షరాలన్నిటినీ కలగాపులగం చేసి, ఆ గజిబిజి మాలను మిత్రులకు పంపాడు. రేపు ఎవరైనా "నేనే ముందు చూశాను" అంటే, అక్షరాలు సరిగ్గా పేర్చి చూపించి నోరు మూయించవచ్చునన్నమాట. పాపం, కెప్లరు ఆ అక్షరాలతో కుస్తీ పట్టి, అంగారకునికి రెండు ఉపగ్రహాలున్నాయని గెలీలియో చెబుతున్నాడని అర్థం చేసుకున్నాడు. (అంగారకునికి నిజంగానే రెండు ఉపగ్రహాలున్నట్లు 1877లో తేలింది. అది వేరే కథ.) శని చుట్టూ ఉన్నది వలయమని 1656లో హైగెన్సు కూడా ఇలాగే అక్షరాల మూటలో కట్టి చెప్పాడు. తీగెసాగుడు సూత్రాన్ని హుక్ 1676లో అలాగే దాచి, రెండేళ్ళ తరువాత మూట విప్పాడు.

ఈ గుట్టుమట్ల లోకంలోకి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ వచ్చాడు. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, కొత్తగా వెలసిన రాయల్ సొసైటీకి కార్యదర్శి అయినవాడు. స్వయంగా ఏమీ కనుక్కున్నవాడు కాదు. ఆయన విద్య అంతా ఉత్తరాలు వ్రాయడంలోనే ఉంది. ఐరోపా నలుమూలల పండితులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, ఎవరు ఏం చేస్తున్నారో ఒకరి సంగతి ఒకరికి చేరవేసేవాడు. 1665 మార్చి 6న ఆ ఉత్తరాల సారాన్ని అచ్చువేసి 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అన్న పత్రిక ప్రారంభించాడు. అదే ఏడు జనవరిలో పారిస్‌లో డెనీ ద సాలో 'జూర్నాల్ దె సవాన్' అన్న పత్రిక మొదలుపెట్టాడు గాని, అందులో శాస్త్రంతోపాటు న్యాయం, మతం, గ్రంథసమీక్షలు అన్నీ ఉండేవి. కేవలం శాస్త్రానికి పుట్టిన పత్రిక ఓల్డెన్‌బర్గ్‌దే.

ఆ పత్రికతో ఒక ఒప్పందం పుట్టింది. ఎవరూ సంతకాలు పెట్టలేదు. నీవు కనుక్కున్నది దాచకుండా లోకానికి చెప్పు, నీవు చెప్పిన తేదీని మేము అచ్చులో పెట్టి, మొదటివాడవు నీవేనని సాక్ష్యం పలుకుతాం అన్నది దాని సారాంశం. ఎవరైనా తన పరిశోధనలు దొంగిలిస్తారేమోనని బెంగపడే రాబర్ట్ బాయిల్ వంటివారికి ఈ సాక్ష్యం పెద్ద ఊరట. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసుకునే లేవెన్‌హుక్‌కు డచ్చి తప్ప వేరే భాష రాదు. అతడు తన సూక్ష్మదర్శినిలో చూసిన వింతలను 1673 నుండి ఉత్తరాలుగా వ్రాసి పంపితే, ఓల్డెన్‌బర్గ్ వాటిని ఇంగ్లీషులోకి మార్చి అచ్చువేశాడు. నీటిబొట్టులోని జీవరాశిని మొదటిసారి చూసిన మనిషి పట్టభద్రుడు కాడు, లాటిను రాదు, ఏ విద్యాపీఠానికీ చెందడు. అయినా ఆ పత్రికలో చోటు దొరికింది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

ఇంకొక విడ్డూరం చెప్పి ముందుకు పోతాను. పరదేశాలనుండి అన్ని ఉత్తరాలు వస్తుంటే ప్రభుత్వం కన్నుపడుతుందని, తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి 'గ్రుబెండాల్' అన్న పేరుతో ఉత్తరాలు తెప్పించుకునేవాడట మన ఓల్డెన్‌బర్గ్. అక్షరాల మూటల కాలానికి స్వస్తి పలికినవాడే తన పేరును మూటకట్టాడన్నమాట! అంత జాగ్రత్తపడినా లాభం లేకపోయింది. ఇంగ్లండుకు డచ్చివారితో యుద్ధం నడుస్తున్న 1667లో అనుమానం మీద పట్టుకుని, రెండు నెలలకు పైగా లండను టవర్ కోటలో బంధించారు. పత్రిక ఆయన సొంత ఖర్చుతో, సొంత లాభనష్టాలతో నడిచేది. మొదలుపెట్టిన ఏడాదే ప్లేగు, మరుసటి ఏడు లండను మహాగ్నిప్రమాదం. దానిమీద నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలన్న ఆయన ఆశ తీరనేలేదు. 1677లో కన్నుమూశాడు.

ఆ పత్రిక బాధ్యతను 1752లో రాయల్ సొసైటీ తన నెత్తిన వేసుకుంది. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన చరిత్రకారిణి ఐలీన్ ఫైఫ్ బృందం ఆ సంఘం పాత లెక్కలన్నీ తిరగేసి తేల్చిన విషయమేమిటంటే, రెండవ ప్రపంచయుద్ధం దాకా ఆ పత్రిక దాదాపు ఎప్పుడూ నష్టాల్లోనే నడిచింది. సభ్యుల చందాలు, దాతల విరాళాలు, ఆపైన ప్రభుత్వం ఇచ్చిన సహాయం ఆ లోటు పూడ్చేవి. ప్రతులలో చాలాభాగం విద్యాసంస్థలకు, ఇతర పండిత సంఘాలకు ఊరికే పంచిపెట్టేవారు. బదులుగా వారు తమ పత్రికలు పంపేవారు. మన ఇళ్ళల్లో ఇరుగుపొరుగులు పచ్చళ్ళు ఇచ్చిపుచ్చుకున్నట్లు పండిత సంఘాలు పత్రికలు ఇచ్చిపుచ్చుకునేవి. శాస్త్రపత్రికతో డబ్బు చేసుకోవచ్చునన్న ఆలోచనే అప్పటివారికి నవ్వు తెప్పించేది.

ఆ పద్ధతి మనదేశంలోనూ పనిచేసింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి.వి. రామన్ తన పేరు మీద ప్రసిద్ధమైన కాంతి పరిణామాన్ని గుర్తించాడు. సుమారు అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టాం అనే ఇద్దరు స్ఫటికాలలో అదే సంగతి చూస్తున్నారు. రామన్ ఆలస్యం చేయలేదు. మార్చి 16న బెంగుళూరులో ఉపన్యసించి, ఆ ఉపన్యాసాన్ని కలకత్తాలోని సంఘం పక్షాన వెలువడే 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో ఆ నెలలోనే అచ్చువేయించి, ప్రతులను దేశదేశాల భౌతికశాస్త్రజ్ఞులకు తపాలాలో పంపించాడు. మాస్కో వారి పత్రం వెలుగు చూసేసరికి ఆలస్యమైంది. 1930లో నోబెల్ బహుమతి రామన్‌ను వరించింది. ఇక్కడ గమనించవలసినది ఆ పత్రిక ఎక్కడిదన్న సంగతి. రామన్ 'నేచర్'కు కూడా చిన్న లేఖలు పంపాడు, నిజమే. కాని అసలు వివరమంతా ఉన్న పత్రం అచ్చయినది కలకత్తాలో. తపాలాబిళ్ళల ఖర్చు భరించగలిగితే చాలు, కలకత్తా పత్రిక బెర్లినులో చదువబడేది.

మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రకటించారు. ఇరవయ్యవ శతాబ్దంలో తక్కిన శాస్త్రజ్ఞులు అత్యధికంగా ఉదహరించిన పత్రాలలో అదొకటి. ఆ పత్రిక ఒక పండిత సంఘానిది. తన పాత సంచికలన్నిటినీ అంతర్జాలంలో పెట్టి అందరికీ తెరిచి ఉంచింది. భీమవరంలో కూర్చుని ఎవరైనా ఇప్పుడు ఆ పత్రం చదువుకోవచ్చు, పైసా ఖర్చులేకుండా. మా ఊరి శాసనానికి ఆ అదృష్టం పట్టలేదు.

మరి డబ్బు ఎప్పుడు ప్రవేశించింది? ఈ ప్రశ్నకు జవాబుగా చాలామంది ఒకే ఒక మనిషి పేరు చెబుతారు. చరిత్రను ఒక్క మనిషి మెడకు కట్టడం నాకు సాధారణంగా నచ్చదు గాని, ఇక్కడ తప్పేటట్లు లేదు.

ఆయన పేరు రాబర్ట్ మాక్స్‌వెల్. 1923లో అప్పటి చెకొస్లొవాకియాలోని ఒక మారుమూల ఊళ్ళో, పేద యూదు కుటుంబంలో యాన్ హోఖ్‌గా పుట్టాడు. కుటుంబంలో చాలామందిని నాజీలు పొట్టనబెట్టుకున్నారు. తాను తప్పించుకుని బ్రిటిషు సైన్యంలో చేరి, శౌర్యపతకం పొంది, యుద్ధం ముగిశాక బెర్లినులో అధికారిగా కుదురుకున్నాడు. అక్కడ అతనికి జర్మను శాస్త్రప్రచురణల సంస్థ స్ప్రింగర్‌తో పరిచయమైంది. యుద్ధకాలంలో అచ్చయి గిడ్డంగుల్లో మూలుగుతున్న జర్మను శాస్త్రపత్రికలకు ప్రపంచమంతా ఆకలిగా ఉందని అతనికి అర్థమైంది. 1951లో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ముప్పాతిక వాటాను 13,000 పౌన్లకు కొన్నాడు. తక్కిన పావు వాటా పాల్ రోస్బౌడ్ అనే శాస్త్రజ్ఞునిది. యుద్ధకాలంలో జర్మనీ లోపల ఉంటూనే బ్రిటనుకు రహస్యాలు చేరవేసిన సాహసి ఆయన. ఇద్దరూ కలిసి సంస్థకు పెర్గమాన్ ప్రెస్ అని పేరు పెట్టారు.

వారు కనిపెట్టిన కిటుకు పైకి చాలా చిన్నది. పండిత సంఘాలు నెమ్మదస్తులు. ఉన్న పత్రికలతోనే సరిపెట్టుకుంటాయి. కాని యుద్ధం తరువాత శాస్త్రం కొమ్మలు రెమ్మలుగా విస్తరిస్తున్నది. ప్రతి కొత్త కొమ్మకూ ఒక కొత్త పత్రిక పెట్టి, ఆ రంగంలో పేరున్న ఆచార్యుని పిలిచి సంపాదకత్వం అంటగడితే, వ్రాసేవారు తమంత తామే వస్తారు. ఆచార్యునికి గౌరవం, విందులు, ప్రయాణాలు. వ్రాసేవానికి పారితోషికం అక్కరలేదు, వానికి జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది. వచ్చిన వ్యాసాన్ని పరిశీలించి తప్పొప్పులు చెప్పేవారూ ఊరికే చేస్తారు, అది వృత్తిధర్మం. ఇక కొనేవారెవరు? ఆ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలే! 1957లో సోవియట్ స్పుత్నిక్ ఆకాశానికెగిరాక పాశ్చాత్య ప్రభుత్వాలు శాస్త్రం మీద డబ్బు కుమ్మరించాయి. ఆ డబ్బులో ఒక పాయ గ్రంథాలయాల ద్వారా పెర్గమాన్‌కు ప్రవహించింది. 1959లో సుమారు నలభై ఉన్న పెర్గమాన్ పత్రికలు 1965 నాటికి నూట యాభై అయ్యాయి.

కిరాణా కొట్లో కందిపప్పు ధర పెరిగితే పెసరపప్పు కొంటాం. శాస్త్రపత్రికకు అటువంటి ప్రత్యామ్నాయం లేదు. ఒక పత్రికలో అచ్చయిన పరిశోధన మరొక పత్రికలో ఉండదు. ఆచార్యుడు కావాలంటాడు, గ్రంథాలయాధికారి కొనవలసిందే. ధర చూసేది ఒకరు, వాడుకునేది మరొకరు. వాడుకునేవానికి ధర తెలియదు కాబట్టి అతడు గొడవపడడు. వెనకటికి జమీందారు గారి కచేరీకి వంటసామాను పంపే కోమటికి కూడా ఇంత సుఖం ఉండి ఉండదు.

రెండవ తాడు, తెలియకుండానే, అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ పేనాడు. ఏ పత్రాన్ని ఎవరు ఉదహరించారో తెలిపే సూచికను 1964లో ఆయన సంస్థ వెలువరించడం ప్రారంభించింది. సుబ్బారావుగారి పత్రం ఘనత మనకు తెలిసినదీ ఇటువంటి లెక్కలవల్లనే, కాబట్టి ఆ పనిని నేను నిందించలేను. కాని అందులోనుండి ఒక్కొక్క పత్రికకు ఒక అంకెను తీశారు. దానికే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని పేరు. 1975 నుండి ఏటా ఆ అంకెల పట్టిక వెలువడింది. గ్రంథాలయాలు ఏ పత్రికలు కొనాలో నిర్ణయించుకోవడానికి పనికివస్తుందనుకున్న ఆ అంకెతో మనుషులను తూచడం మొదలయింది. ఉద్యోగం, పదోన్నతి, పరిశోధనా ధనం అన్నీ దాని చుట్టూ తిరిగాయి. రామన్ కలకత్తాలో ధైర్యంగా అచ్చువేసుకున్న రోజులు పోయాయి. మన పరిశోధకుడు తన మంచి పత్రాన్ని పడమటికి పంపి, రెండోరకాన్ని స్వదేశీ పత్రికకు ఇవ్వసాగాడు. తరువాత తన పత్రం తానే చదవడానికి తన కళాశాల చందా కట్టలేకపోయేది. తెలుగులో వ్రాసిన పరిశోధన సంగతి చెప్పనే అక్కరలేదు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు తన పత్రికలో వేసిన వ్యాసాలలో ఎన్నో ఈనాటికీ ప్రామాణికాలే. కాని ఆ తూనికరాళ్ళలో వాటి బరువు సున్న.

మాక్స్‌వెల్ 1991లో పెర్గమాన్‌ను 44 కోట్ల పౌన్లకు డచ్చి సంస్థ ఎల్సెవియర్‌కు అమ్మి, ఆ ఏడు నవంబరులో తన నౌక మీదనుండి సముద్రంలో పడి చనిపోయాడు. ఎల్సెవియర్ అన్న పేరుకూ ఒక కథ ఉంది. 1880లో ఆ సంస్థ పెట్టినవారు పూర్వకాలపు ఎల్జెవిర్ అనే ముద్రాపకుల వంశం పేరును అరువు తెచ్చుకున్నారు. వంశసంబంధమేమీ లేదు. గృహనిర్బంధంలో ఉన్న గెలీలియో చివరి గ్రంథాన్ని 1638లో లైడెన్ నగరంలో ధైర్యంగా అచ్చువేసినవారు ఆ అసలు ఎల్జెవిర్లు. పేరు అరువు తెచ్చుకున్నవారి శాస్త్రప్రచురణ విభాగం 2010లో సుమారు రెండు వందల కోట్ల పౌన్ల రాబడి మీద 72 కోట్లకు పైగా లాభం చూపింది. నూటికి ముప్ఫయ్యారు! ప్రచురణకర్తలకు ఖర్చులుండవని నేననను. కూర్పు, పరిష్కరణ, అంతర్జాలంలో భద్రపరచడం, ఇవన్నీ పనులే. (ఆ కూర్పుపని చాలాభాగం మన చెన్నైలోనే జరుగుతుంది.) కాని నూటికి ముప్ఫయ్యారు మిగిలే పనిని సేవ అని పిలవడానికి నాకు నోరు రాదు. 2000 దశకంలో 'బ్రెయిన్ రిసెర్చ్' అనే ఒకే ఒక పత్రిక వార్షిక చందా 20,000 డాలర్లు దాటింది. మనదేశంలో మామూలు డిగ్రీ కళాశాల గ్రంథాలయానికి ఏడాది మొత్తానికి దొరికే పైకం అంత ఉంటుందా?

తిరుగుబాటు కూడా ఆ 1991లోనే మొదలైంది. నిజానికి అది తిరుగుబాటుగా మొదలు కాలేదు. భౌతికశాస్త్రజ్ఞులకు ముందునుండీ ఒక అలవాటుంది. పత్రిక అచ్చువేసేదాకా ఆగకుండా వ్రాతప్రతుల నకళ్ళు తీసి ఒకరికొకరు తపాలాలో పంపుకునేవారు. రామన్ పద్ధతే అది. పేరున్న చోట ఉన్నవారికి ముందు అందేవి, దూరాన ఉన్నవారికి నెలల తరువాత. విద్యుల్లేఖలు వచ్చాక అవి వాటి ద్వారా పోసాగాయి. 1991 వేసవిలో ఒక సమావేశంలో ఒక శాస్త్రజ్ఞుడు, తాను ప్రయాణాల్లో ఉండగా వచ్చిపడే వ్యాసాలతో తన కంప్యూటరు నిండిపోతున్నదని గొణిగాడట. అది విన్న పాల్ గిన్‌స్పార్గ్, అన్నిటినీ ఒకచోట పెట్టి, కావలసినవారు కావలసినది తీసుకునేటట్లు ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. ఆగస్టు 14న లాస్ అలమోస్‌లో తన బల్ల క్రింది కంప్యూటరులో దానిని నడిపించాడు. అదే నేటి ఆర్కైవ్. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి తరలింది. వ్రాసేవానికి ఖర్చు లేదు, చదివేవానికి ఖర్చు లేదు. ఒక శతాబ్దంపాటు ఎవరికీ లొంగని పోంకారే ఊహను పరిష్కరిస్తూ గ్రిగోరి పెరెల్మాన్ 2002 నవంబరు నుండి తన పత్రాలను అక్కడే పెట్టాడు. ఏ పత్రికకూ పంపలేదు. లోకంలోని గణితజ్ఞులు వచ్చి చదివి, సరిచూసి, ఔనన్నారు. ఓల్డెన్‌బర్గ్ ఒప్పందం, నడుమ ఎవరూ లేకుండా, అక్షరాలా నెరవేరింది.

ఇది చూసి తక్కిన రంగాలవారికీ ఆశ కలిగింది. 2001 డిసెంబరులో బుడాపెస్టులో కొందరు కూడి, పరిశోధన అందరికీ తెరిచి ఉండాలన్న ప్రకటనను 2002 ఫిబ్రవరిలో విడుదల చేశారు. అయితే పత్రిక నడపడానికి డబ్బు ఎక్కడిది? చదివేవాని దగ్గర తీసుకోకపోతే వ్రాసేవాని దగ్గర తీసుకుందామన్నారు. ఈ ఆలోచనలో చెడ్డ ఉద్దేశం లేదు. 2003లో 'ప్లాస్ బయాలజీ' పత్రాని కొక్కింటికి 1,500 డాలర్లు అడిగింది, కట్టలేనివారికి మినహాయింపు ఇచ్చింది. పెద్ద ప్రచురణకర్తలు ముందు ఎదిరించారు, తరువాత అందులో గల లాభం కనిపెట్టారు. 2021లో 'నేచర్'లో పత్రాన్ని అందరికీ తెరిచి ఉంచాలంటే 9,500 యూరోలు అడిగారు! మన అధ్యాపకుని ఏడాది జీతంలో ఎన్ని నెలలది అవుతుందో మీరే లెక్కకట్టండి. వెనక చదవడానికి అడ్డుగా ఉన్న గోడ ఇప్పుడు వ్రాయడానికి అడ్డు వచ్చింది.

వ్రాసేవాడే డబ్బు కట్టే పద్ధతిలో మరొక ప్రమాదం దాగి ఉంది. ఎన్ని పత్రాలు అచ్చువేస్తే అంత రాబడి, కాబట్టి కాదనడానికి కారణమే లేదు. ఇక్కడ కథ మన హైదరాబాదుకు వస్తుంది, తలదించుకునే విధంగా. అక్కడ కేంద్రంగా వందల కొద్దీ పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం 2016 ఆగస్టులో దావా వేసింది. సరైన పరిశీలన లేకుండా పత్రాలు అచ్చువేశారని, రుసుము సంగతి ముందు చెప్పలేదని, సమ్మతి లేకుండా పండితుల పేర్లు వాడుకున్నారని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడాలోని న్యాయస్థానం ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. తెలుగువారి పేరు శాస్త్రప్రచురణ చరిత్రలో సుబ్బారావుగారి వల్ల ఒకసారి, ఇలా ఒకసారి ఎక్కింది.

కాని అటువంటి పత్రికలకు గిరాకీ కల్పించినవారిని కూడా అడగాలి కదా. పదోన్నతికి ఇన్ని పత్రాలు, ఇన్ని మార్కులు అని మన విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలలో లెక్క పెట్టింది. పరిశోధన పట్టా కోరేవారు ముందొక పత్రం అచ్చువేయించాలన్న నియమం 2009లో వచ్చింది. ప్రయోగశాల లేని కళాశాలలో, వారానికి పద్దెనిమిది గంటలు పాఠం చెప్పే అధ్యాపకుడు పత్రాలు ఎక్కడనుండి తెస్తాడు? కొంటాడు. ఆ నియమాన్ని 2022లో ఎత్తివేశారు. మంచి పత్రికల జాబితా అని 2019లో మొదలుపెట్టినదాన్ని 2025లో మానేశారు. ఈలోపల ఎందరి పేర్ల వెనుక ఎన్ని పనికిరాని పత్రాలు చేరాయో ఎవరు లెక్కపెట్టగలరు!

ఇక దొంగదారి. కజకస్తానుకు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే విద్యార్థిని 2011లో సై-హబ్ తెరిచి కోట్లాది పత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది. అదే ఏడు అమెరికాలో ఏరన్ స్వార్ట్జ్ అనే యువకుణ్ణి ఒక భాండాగారంనుండి లక్షలాది వ్యాసాలు దించుకున్నందుకు నిర్బంధించారు. కేసు నడుస్తుండగానే 2013 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవయ్యారేళ్ళు. ఆ వ్యాసాలను అతడు అమ్ముకోలేదు, ఎవరికీ పంచను కూడా లేదు. సై-హబ్ మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2020లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. 2025 ఆగస్టులో దానిని మనదేశంలో కనబడకుండా చేయమని కోర్టు ఆదేశించింది. చట్టం దృష్టిలో అది తప్పే కావచ్చు. మన దేశంలో ఎన్ని సిద్ధాంతగ్రంథాలకు అదే గ్రంథాలయమో ఆ గ్రంథాలు వ్రాసినవారికి తెలుసు.

ఆ ఆదేశానికి కొన్ని నెలల ముందే ప్రభుత్వం మరొక దారి తెరిచింది. 'ఒక దేశం, ఒక చందా' అన్న పథకానికి 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. ముప్ఫై మంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధనాలయాలు. 2025 జనవరి నుండి అమలులోకి వచ్చింది. చిన్న ఊళ్ళలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి కూడా పెద్ద సంస్థలవారితో సమానంగా పత్రికలు అందుతున్నాయంటే సంతోషించవలసిందే, సంతోషిస్తున్నాను కూడా. అయితే ఆ ఆరువేల కోట్లూ చేరేది చాలావరకు అదే ప్రచురణకర్తలకు. ఆర్కైవ్ వంటి మన సొంత భాండాగారాలకు, కలకత్తా పత్రిక వంటి మన సొంత పత్రికలకు అందులో పదోవంతు పెడితే ఏమయ్యేదో అనిపిస్తుంది. మొదటి విడతలో ప్రైవేటు కళాశాలలు లేవు. ఊరి శాఖా గ్రంథాలయం లేదు. ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు లేడు. ఏ సంస్థకూ చెందని నావంటివాడూ లేడు. డెల్ఫ్ట్‌లో బట్టలమ్ముకున్న లేవెన్‌హుక్ ఈనాడు మన దేశంలో ఉంటే అతడూ లేడు.

మా ఊరి శాసనం సంగతి చెప్పడం మరచాను. మిత్రుడు పంపిన ఆ పది పుటలూ ఆ రాత్రే చదివాను. అది ఆలయంలో అఖండదీపానికి గొర్రెలను దానం చేసిన శాసనం. ఆఖరి పుటలో అడుగున చిన్న అక్షరాలతో ఆ పండితుడు ఒక కృతజ్ఞత చెప్పుకున్నాడు. రాతిమీది మట్టి కడిగించి, కాగితంమీద అచ్చు తీసి తనకు పంపినవాడు ఆ ఊరి కరణమట. పేరు ఇవ్వలేదు. ఆ కరణంగారి ఇంటివారు ఇంకా అక్కడే, గుడి వెనక వీధిలో ఉన్నారు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ వ్యాసం నకలొకటి తీసుకుపోయి ఆయన మునిమనుమని చేతిలో పెట్టాను. చదివి వినిపించమన్నాడు. అరుగుమీద కూర్చుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ పోయాను. గొర్రెల లెక్క దగ్గర ఆపి, "ఎన్నన్నారూ?" అని మళ్ళీ అడిగాడు.